గిటారు యాంప్లిఫయరును, స్పీకరు పెట్టెయు
పెట్టె వెనుక వ్రాయబడిన ఓముల సంఖ్య నాదము నెట్లు మార్చును?

తీగవాద్యమునకు నాదము నిచ్చునది తీగ యొక్కటియే కాదు. వీణకు కుండయు, తంబురాకు బుఱ్ఱయు లేనియెడల మీటిన తీగ నలుగురికి వినబడదు. వినబడినను వీణవలెను, తంబురావలెను పలుకదు. విద్యుత్తుతో పనిచేయు గిటారు విషయమున నీ కుండ పనిని నిర్వహించునవి యాంప్లిఫయరును, దానికి తగిలింపబడు స్పీకరు పెట్టెయు. నేడు ఆరాధనా మందిరములందును, పాఠశాలల వార్షికోత్సవములందును ఈ యంత్రములు సర్వసాధారణము లైనవి. పెట్టె వెనుక "8 ఓములు" అనియో, "16 ఓములు" అనియో యొక సంఖ్య యుండుటను విద్యార్థులు చూచియే యుందురు. ఆ సంఖ్య దేనిని తెలుపుచున్నది? అది సరిపడని పెట్టెను తగిలించినచో కలుగు హాని యెట్టిది? సంఖ్య సరిపోయినను రెండు పెట్టెలు రెండు విధములుగా పలుకుటకు కారణమేమి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఇది వినోదమునకు మాత్రమే తెలిసికొనవలసిన విషయము కాదు. పదిమంది చందాలు వేసికొని కొన్న యాంప్లిఫయరు ఒక్క సాయంకాలమున చెడిపోవుటకు ఒక్క తప్పు తగులింపు చాలును. కావున సభకు ముందు తీగలను తగిలించు బాధ్యత వహించు బాలురును బాలికలును దీనిని శ్రద్ధతో చదువవలయును.

నిరోధము, ఇంపీడెన్సు :— జర్మనీ దేశీయుడగు గేయార్గ్ ఓమ్ 1827వ సంవత్సరమున విద్యుత్ప్రవాహమును గుఱించి యొక సూత్రమును ప్రకటించెను. తీగలో పారు విద్యుత్తు దానిని త్రోయు వోల్టేజికి అనులోమముగను, తీగయొక్క నిరోధమునకు విలోమముగను ఉండునని యా సూత్రము చెప్పుచున్నది. 8 వోల్టులు 8 ఓముల నిరోధముగుండ త్రోసినచో 1 ఆంపియరు పారును. నిరోధము 16 ఓములైనచో అర ఆంపియరే పారును. ఇంతవరకు ఉన్నత పాఠశాల విద్యార్థు లందఱు నెఱిగినదే.

అయితే యీ సూత్రము ఇంత సులభముగ వర్తించునది ఒకే దిక్కున పారు విద్యుత్తునకు. గిటారునుండి వచ్చునది యట్టిది కాదు. తీగ ముందునకు వెనుకకు ఊగినట్లే దానినుండి పుట్టిన విద్యుత్తును ముందునకు వెనుకకు ఊగుచుండును. అన్నిటికంటె లావైన ఆఱవ తీగను మీటినచో సెకండునకు సుమారు 82 మార్లును, సన్నని మొదటి తీగను మీటినచో సుమారు 330 మార్లును ఊగును. ఇట్టి విద్యుత్తును తీగచుట్టగుండ పంపినపుడు తీగయొక్క నిరోధము గాక మఱియొక అడ్డగింపు బయలుదేరును. ఈ రెండవ అడ్డగింపు కంపనసంఖ్య హెచ్చిన కొలదియు హెచ్చును. ఇట్టివన్నియు గలిసి కలిగించు మొత్తపు అడ్డగింపునకు ఆలివర్ హెవిసైడ్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1886వ సంవత్సరమున ఇంపీడెన్సు అను పేరు పెట్టెను. దీనినిగూడ ఓములలోనే లెక్కింతురు. నిరోధము దాదాపు స్థిరమైన సంఖ్య. ఇంపీడెన్సు కంపనసంఖ్యనుబట్టి మాఱునది. ఈ భేదమును మఱువకున్నచో తక్కిన విషయమంతయు సుబోధ మగును.

స్పీకరు లోపల :— అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీయందు పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను నిద్దఱు 1925లో ప్రకటించిన పద్ధతియే నేటికిని స్పీకర్లకు ఆధారము. కాగితముతో చేసిన యొక శంకువు. దాని మొదట సన్నని తీగచుట్ట. ఆ చుట్టను ఆవరించి బలమైన అయస్కాంతము. చుట్టలో విద్యుత్తు ఊగినపుడు అయస్కాంతబలమువలన చుట్టయు, దానితో శంకువును ఊగి గాలిని కదలించును. ఆ కదలికయే మనకు ధ్వనిగా వినబడును.

ఇచట గమనింపదగిన యొక విశేషము గలదు. అయస్కాంతక్షేత్రమున తీగ కదలినచో దానియందు విద్యుత్తు పుట్టునని మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టెను. అట్లు పుట్టిన విద్యుత్తు తనకు కారణమైన చలనమునే యెదిరించునని హైన్రిక్ లెంజ్ 1834లో నిరూపించెను. కావున స్పీకరు ధ్వనిని పుట్టించు యంత్రమే గాక విద్యుత్తును పుట్టించు చిన్న యంత్రము కూడ నగును. యాంప్లిఫయరు లోపలికి త్రోయుచుండగా, కదలుచున్న చుట్ట వెలుపలికి త్రోయుచుండును. చుట్ట యెంత వేగముగ కదలిన ఎదురు వోల్టేజి యంత హెచ్చును. లోపలికి పారు విద్యుత్తు అంత తగ్గును. విద్యుత్తు తగ్గుట యనగా ఇంపీడెన్సు హెచ్చుటయే.

ఉయ్యాల నూపువానికి ఒక సంగతి తెలియును. ఉయ్యాలకు స్వభావసిద్ధమైన యొక లయ గలదు. ఆ లయతో త్రోసినచో వ్రేలితో త్రోసినను ఎత్తుగా ఊగును. లయ తప్పి త్రోసినచో రెండు చేతులతో త్రోసినను ఊగదు. శంకువునకును అట్టి సహజమైన లయ గలదు. గిటారు కొఱకు చేయబడు 12 అంగుళముల స్పీకర్లలో ఇది సాధారణముగ సెకండునకు 75 మొదలు 100 కంపనముల ప్రాంతమున నుండును. ఆ స్థానమున శంకువు మిక్కిలి వేగముగ కదలును, ఎదురు వోల్టేజి మిక్కుటమగును, ఇంపీడెన్సు శిఖరమువలె లేచును. దీనిని అనునాదస్థాన మందురు. ఆఱవ తీగ పలుకు 82 కంపనములును, ఐదవ తీగ పలుకు 110 కంపనములును ఈ శిఖరమునకు చేరువనే యున్నవను సంగతి సంగీతజ్ఞులు గమనింపవలయును.

ఎనిమిది యను సంఖ్యకు అర్థము :— ఇప్పుడు "8 ఓములు" అని వ్రాయబడిన యొక స్పీకరును పరీక్షింతము. సాధారణమైన ఓము మీటరుతో కొలిచినచో అది 8 చూపదు. 6 మొదలు 7 వఱకు చూపును. ఏలయన ఆ మీటరు ఒకే దిక్కున పారు విద్యుత్తుతో తీగయొక్క నిరోధమును మాత్రమే కొలుచును. మంద్రస్థాయిలోని అనునాదస్థానమున ఇంపీడెన్సు 8కి అనేక రెట్లు, అనగా 40, 50 ఓములు లేక అంతకు మించి యుండవచ్చును. అక్కడినుండి దిగి 200 మొదలు 400 కంపనముల నడుమ లోయవలె 7, 8 ఓములకు వచ్చును. పిమ్మట చుట్టయొక్క గుణముచేత మెల్లమెల్లగ నెక్కి, తారస్థాయిలో 5000 కంపనముల చేరువకు 20 ఓములకు పైబడుట సాధారణము. కావున పెట్టెపైనున్న 8 అను సంఖ్య ఆ లోయ ప్రాంతమును సూచించు నామమాత్రపు సంఖ్య. ఒక యూరి దారినంతటిని దాని పల్లపు భాగముయొక్క ఎత్తుతో వర్ణించినట్లు, ఇంత యెగుడుదిగుడు గల గుణమును ఒక్క అంకెతో చెప్పుచున్నారు.

పెట్టె చేయు మార్పు :— స్పీకరును పెట్టెలో నమర్చినపుడు శిఖరముయొక్క స్థానము మాఱును. నలువైపుల మూయబడిన పెట్టెలో శంకువు వెనుకనున్న గాలి స్ప్రింగువలె పనిచేసి శంకువును మఱింత బిగువు చేయును. అందుచేత అనునాదస్థానము పైకి జరుగును. బయట 75 కంపనముల వద్దనున్నది 100 దాటవచ్చును. వెనుకభాగము తెఱచియున్న పెట్టెలో గాలికి బంధము లేదు గనుక శిఖరము దాదాపు యథాస్థానముననే నిలుచును. గాలిపోవుటకు గొట్టము అమర్చిన పెట్టెలలో ఒక్క శిఖరమునకు బదులు రెండు చిన్న శిఖరములు కనబడును. ఒకే స్పీకరు, ఒకే ఓముల సంఖ్య. పెట్టె మాఱినంతనే ఇంపీడెన్సు రేఖ మాఱినది. ఈ మార్పు చెవికి తెలియుటయు తెలియకుండుటయు యాంప్లిఫయరుయొక్క స్వభావముపై నాధారపడియుండును.

రెండు జాతుల యాంప్లిఫయర్లు :— యాంప్లిఫయర్లు స్థూలముగ రెండు విధములు. ట్రాన్సిస్టర్లతో చేయబడినవి మొదటివి. వాల్వులతో చేయబడినవి రెండవవి. ఇతర రంగములలో వాల్వులు దాదాపు మాయమైనను, గిటారు వాయించువారు నేటికిని వానిని విడువలేదు.

ప్రతి యాంప్లిఫయరునకును లోపల కొంత సొంత ఇంపీడెన్సు గలదు. దీనిని అంతరింపీడెన్సు అని పిలుతము. సాధారణమైన ట్రాన్సిస్టరు యంత్రములో నిది ఒక ఓముకంటెను మిగుల తక్కువ. అట్టి యంత్రము స్పీకరుయొక్క ఇంపీడెన్సు ఎంత మాఱినను ఒకే వోల్టేజిని ఇచ్చుచుండును. వాల్వు యంత్రములలో అంతరింపీడెన్సు హెచ్చు. కొన్నిటిలో స్పీకరు ఇంపీడెన్సుకంటె అనేక రెట్లు హెచ్చు. అట్టి యంత్రమునందు స్పీకరుయొక్క ఇంపీడెన్సు ఎచ్చట పెరుగునో అచ్చట దానికి చేరు వోల్టేజియు పెరుగును.

లెక్కతో చూతము. లోయలో 8 ఓములును, శిఖరమున 48 ఓములును గల స్పీకరును తీసికొందము. లెక్క సులభమగుటకై యీ ఇంపీడెన్సులను సాధారణ నిరోధములుగా భావింతము. అంతరింపీడెన్సు 1 ఓము గల యంత్రమునకు తగిలించినచో లోయలో స్పీకరునకు చేరునది మొత్తము వోల్టేజిలో 9లో 8 వంతులు. శిఖరమున 49లో 48 వంతులు. రెండింటికిని భేదము అత్యల్పము, ఒక డెసిబెలునకు లోపు. అదే స్పీకరును అంతరింపీడెన్సు 24 ఓములు గల యంత్రమునకు తగిలించినచో లోయలో చేరునది 32లో 8, అనగా నాలుగవ వంతు. శిఖరమున 72లో 48, అనగా మూడింట రెండు వంతులు. ఇచట శిఖరమున వోల్టేజి రెండున్నర రెట్లకు మించి హెచ్చినది. డెసిబెలులలో చెప్పవలెనన్న సుమారు 8.5. పది డెసిబెలులు పెరిగినచో ధ్వని చెవికి దాదాపు రెట్టింపుగా తోచునని విజ్ఞులు చెప్పుదురు. కావున నీ మార్పు స్వల్పము కాదు.

తారస్థాయిలోను ఇట్లే జరుగును. ఫలితముగ అధిక అంతరింపీడెన్సు గల వాల్వు యంత్రమునందు మంద్రస్థాయి నిండుగను, తారస్థాయి మెఱుపుతోను వినబడును. నడిమి స్థాయి కొంత వెనుకకు జరిగినట్లుండును. శంకువుపై యంత్రమునకు పట్టు తక్కువ గనుక మీట విడిచిన పిమ్మటకూడ శంకువు కొంచెముసేపు స్వేచ్ఛగా ఊగును. తక్కువ అంతరింపీడెన్సు గల యంత్రములో ఎదురు వోల్టేజివలన పుట్టిన విద్యుత్తు యంత్రములోనికే సులభముగ పారి శంకువును త్వరగా నిలువరించును. కావున నాదము బిగువుగ నుండును. ఇందులో నొకటి మంచిది, రెండవది చెడ్డది యని నిర్ణయించుట తగదు. పాటకును, వాయించువాని యభిరుచికిని తగినట్లు ఎంచుకొనవలసినవే.

ఫీడ్‌బ్యాకు అను దిద్దుబాటు :— వాల్వు యంత్రములన్నియు నొకే విధముగ నుండవు. కొన్నిటిలో స్పీకరునకు పోవు వోల్టేజిలో కొంత భాగమును వెనుకకు తెచ్చి, లోపలి దశలో వ్యతిరేకముగ కలుపుదురు. దీనికి నెగటివ్ ఫీడ్‌బ్యాకు అని పేరు. వెలుపలి వోల్టేజి హెచ్చిన వెంటనే యంత్రము తన్ను తాను తగ్గించుకొనును, తగ్గినచో హెచ్చించుకొనును. అందుచే అంతరింపీడెన్సు తగ్గినట్లే యగును. పై లెక్కలో 24కు బదులు 8 ఓములు వేసినచో శిఖరపు హెచ్చు 8.5 నుండి సుమారు 4.7 డెసిబెలులకు దిగును. అయితే వాల్వును దాని శక్తికి మించి తఱిమినపుడు ఈ దిద్దుబాటు పనిచేయజాలదు. అందువలననే మెల్లగ వాయించినపుడు బిగువుగ పలికిన యంత్రము గట్టిగ వాయించినపుడు వదులుగ పలుకును.

చరిత్రయందు దీనికి చక్కని యుదాహరణములు గలవు. ఇంగ్లండున 1959 ప్రాంతమున వెలువడిన వాక్స్ ఏసీ30 అను యంత్రములో ఫీడ్‌బ్యాకు లేదు. దాని పెట్టెకు వెనుకభాగము తెఱపి. దాని మెఱుపుగల నాదమునకు గల కారణములలో ఇదియు నొకటి. అమెరికాలో ఫెండరు కంపెనీ 1950–60 దశకపు చివర తయారుచేసిన బాస్‌మన్ అను యంత్రములో ఫీడ్‌బ్యాకు గలదు. దాని తెఱపి పెట్టెలో 10 అంగుళముల స్పీకర్లు నాలుగు సమాంతరముగ తగిలింపబడి మొత్తము 2 ఓములుగ నుండెను. లండనులో జిమ్ మార్షలును అతని అనుచరులును 1962లో ఆ బాస్‌మన్ పద్ధతిని దాదాపు యథాతథముగ అనుసరించి తమ మొదటి యంత్రమును నిర్మించిరి. కాని స్పీకర్లకై 12 అంగుళములవి నాలుగింటిని మూసిన పెట్టెలో నమర్చిరి. 16 ఓముల కొననుండి ఫీడ్‌బ్యాకును తీసిరి. ఒకే వాట్ల శక్తికి 16 ఓముల కొనయందలి వోల్టేజి 2 ఓముల కొనయందలి దానికి సుమారు 2.83 రెట్లు. వెనుకకు తెచ్చు నిరోధకమును మార్పక కొనను మాత్రము మార్చినచో ఫీడ్‌బ్యాకు అంత మేరకు పెరుగును. వాల్వులును, ట్రాన్స్‌ఫార్మరులును కూడ వేఱు గనుక భేదమంతయు దీనివలననే యని చెప్పరాదు. కాని ఒకే పటమునుండి పుట్టిన రెండు యంత్రములు రెండు గొంతులతో పలుకుటకు పెట్టెయు, దాని ఓములును ముఖ్యకారణములలోనివి.

ట్రాన్స్‌ఫార్మరు పని :— వాల్వులు హెచ్చు వోల్టేజితో, తక్కువ విద్యుత్తుతో పనిచేయునవి. స్పీకరు తక్కువ వోల్టేజిని, హెచ్చు విద్యుత్తును కోరును. ఈ యిద్దఱికి నడుమ దుబాసివలె నిలుచునది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. అది ఇంపీడెన్సును తన చుట్ల నిష్పత్తియొక్క వర్గము చొప్పున మార్చును. ఈఎల్84 అను వాల్వుల జతకు సుమారు 8000 ఓముల భారము తగియుండును. స్పీకరు 8 ఓములైనచో నిష్పత్తి 1000; దాని వర్గమూలము సుమారు 31.6. అనగా వాల్వుల వైపు చుట్లు స్పీకరు వైపు చుట్లకు 31.6 రెట్లుండవలయును.

ట్రాన్స్‌ఫార్మరునకు సొంతముగ ఓముల సంఖ్య లేదు. దానికి తెలిసినది నిష్పత్తి మాత్రమే. 8 ఓముల కొనకు 16 ఓముల పెట్టెను తగిలించినచో వాల్వులకు 8000 బదులు 16000 ఓముల భారము కనబడును. 4 ఓముల పెట్టెను తగిలించినచో 4000 కనబడును. ఎద్దుల బలమునకు మించిన బరువైనను, బండి తేలిపోవునంత తక్కువ బరువైనను ప్రయాణము చెడినట్లే, ఇచట రెండు విధముల తప్పును హానికరమే.

తప్పు తగులింపువలన హాని :— వాల్వు యంత్రమునకు కోరిన దానికంటె తక్కువ ఓముల పెట్టెను తగిలించినచో వాల్వులలో విద్యుత్తు హెచ్చి అవి అధికముగ వేడెక్కును; వాని యాయువు తగ్గును. ఎక్కువ ఓముల పెట్టెను తగిలించినచో వోల్టేజి ఊపు హెచ్చును. వాల్వులోని స్క్రీను గ్రిడ్డుపై భారము పెరుగును. ట్రాన్స్‌ఫార్మరు చుట్ల నడుమనున్న పూతకు ప్రమాదము కలుగును. రెండు విధములను బయటికి వచ్చు శక్తి తగ్గును, నాదము మాఱును. అన్నిటికంటె ఘోరమైనది పెట్టెను తగిలింపకయే యంత్రమును నడుపుట. అప్పుడు ట్రాన్స్‌ఫార్మరులోని అయస్కాంతశక్తికి పోవు దారి లేక వోల్టేజి విపరీతముగ లేచి నిప్పురవ్వలు దూకి చుట్లు కాలిపోవచ్చును. ఈ కారణముననే ఫెండరు వాల్వు యంత్రములలో అనేకమునందు ప్లగ్గు తీసివేసిన వెంటనే స్పీకరు కొనలు రెండును ఒకటితో నొకటి కలిసిపోవునట్లు ఏర్పాటు చేయబడినది.

ట్రాన్సిస్టరు యంత్రముల నీతి వేఱు. వానికి హెచ్చు ఓములు ప్రమాదకరములు కావు. పెట్టె లేకున్నను సాధారణముగ హాని లేదు. తక్కువ ఓములే ప్రమాదము. 20 వోల్టులు ఇచ్చు యంత్రము 16 ఓములకు 25 వాట్లును, 8 ఓములకు 50 వాట్లును, 4 ఓములకు 100 వాట్లును ఇచ్చును. 2 ఓములు తగిలించినచో 200 వాట్లు ఈయబోయి ట్రాన్సిస్టర్లు మాడిపోవచ్చును. "ఓములు తగ్గిన ధ్వని హెచ్చును" అను మాట ట్రాన్సిస్టరు యంత్రముల విషయమున, అదియు తయారుచేసినవారు చెప్పిన మేరవఱకు మాత్రమే నిజము. తగిన కొనలు గల వాల్వు యంత్రము 4 ఓములకైనను, 16 ఓములకైనను, ఆయా కొనకు సరిగ తగిలించినయెడల ఒకే శక్తి నిచ్చును.

అనేక స్పీకర్ల కూర్పు :— రెండు 8 ఓముల స్పీకర్లను వరుసగ నొకదాని వెంట నొకటి కలిపినచో 16 ఓములగును. సమాంతరముగ కలిపినచో 4 ఓములగును. 16 ఓములవి నాలుగు తీసికొని రెండేసి వరుసగ కలిపి, ఆ జతలను సమాంతరముగ కలిపినచో తిరిగి 16 ఓములే యగును. పెద్ద పెట్టెలలో నీ కూర్పే విస్తారముగ వాడుదురు. రెండు 8 ఓముల పెట్టెలను ఒకే యంత్రమునకు సమాంతరముగ తగిలించువారు దానిని 4 ఓముల కొనకు మార్చవలయునని మఱువరాదు.

వరుస కూర్పులో శంకువులు వదులుగ ఊగునని కొందఱందురు. రెండు స్పీకర్లు అన్ని విధముల సమానములైనచో ఇది సరికాదు. ఏలయన ప్రతి కంపనసంఖ్యయందును వోల్టేజి ఇద్దఱికిని సరిసగముగనే పంచబడును. వేఱువేఱు జాతుల స్పీకర్లను వరుసగ కలిపినచో మాత్రము ఎవరి ఇంపీడెన్సు ఎక్కడ హెచ్చో అక్కడ వారికే వోల్టేజి హెచ్చుగ చేరును. నాదమును అందుకు తగినట్లు మాఱును. అట్లే ఒకే స్పీకరుయొక్క 8 ఓముల, 16 ఓముల రూపములకు నడుమ భేదమును కొందఱు మిక్కిలిగ చెప్పుదురు. చుట్ట తీగ సన్నమగుటవలన కొంత భేదము కలుగవచ్చును గాని, పెట్టెను గోడకు చేరువగ జరుపుటవలన కలుగు భేదముముందు అది స్వల్పము.

నిశ్శబ్దముగ వాయించు పద్ధతి :— నేడు ఇండ్లలో పాటలను రికార్డు చేయువారు కొందఱు స్పీకరునకు బదులు ఒక భారమును తగిలించి వాల్వు యంత్రమును చప్పుడు లేకుండ నడుపుదురు. కేవలము 8 ఓముల నిరోధకమును తగిలించినచో యంత్రమునకు హాని లేదు గాని నాదము చప్పగ నుండును. ఏలయనగా నిరోధకమునకు శిఖరమును లేదు, లోయయు లేదు. ప్రతి కంపనసంఖ్యకును 8 ఓములే. పైన చెప్పిన మంద్రపు నిండుదనమును, తారపు మెఱుపును పుట్టుటకు అవకాశమే లేదు. అందుచేత తీగచుట్టలను, కండెన్సర్లను కూర్చి నిజమైన స్పీకరుయొక్క ఎగుడుదిగుడును అనుకరించు పెట్టెలను తయారుచేయుచున్నారు. స్పీకరు లేనిచోటగూడ దాని ఇంపీడెన్సు రేఖను పునర్నిర్మింపవలసి వచ్చుటయే ఆ రేఖకు నాదమునందుగల భాగమునకు తిరుగులేని సాక్ష్యము.

తగిలించువారికి సూచనలు :— మొదటిది, యంత్రము వెనుకనున్న సంఖ్యను, పెట్టె వెనుకనున్న సంఖ్యను చదివి సరిపోల్చుడు. రెండవది, పెట్టెలోని తీగలు మార్పబడినవేమో యను సంశయమున్నచో యంత్రమునుండి విడదీసి ఓము మీటరుతో కొలువుడు. 16 ఓముల పెట్టె సుమారు 12, 13 ఓములను, 8 ఓములది 6, 7 ఓములను, 4 ఓములది 3 ఓములకు కొంచెము పైగను చూపును. మూడవది, పెట్టెను తగిలించిన పిమ్మటనే వాల్వు యంత్రమునకు విద్యుత్తు నీయుడు. నాల్గవది, గిటారునుండి యాంప్లిఫయరునకు పోవు సన్నని తీగను స్పీకరునకు వాడకుడు. 100 వాట్లు 4 ఓములకు పోవునపుడు తీగలో 5 ఆంపియర్లు పారును. సన్నని తీగ దానిని తాళజాలదు. ఐదవది, వాల్వు యంత్రముయొక్క పెట్టెను ఎన్నడును విప్పకుడు. విద్యుత్తు తీసివేసిన పిమ్మటగూడ లోపలి కండెన్సర్లలో ప్రాణాంతకమైన వోల్టేజి నిలిచియుండును. ఆ పని యెఱిగినవారికే విడువవలయును.

ఒక ప్రయోగము :— తుదకు, విజ్ఞానశాస్త్ర ప్రయోగశాల గల పాఠశాలలో పై తరగతుల విద్యార్థులు ఉపాధ్యాయుల పర్యవేక్షణలో చేయదగిన ప్రయోగమొకటి చెప్పి ముగింతును. యాంప్లిఫయరు అక్కఱలేదు, ఒక విడి స్పీకరును, 1000 ఓముల నిరోధకమును, వివిధ కంపనసంఖ్యల విద్యుత్తు నిచ్చు సిగ్నలు జనరేటరును, మిల్లీవోల్టులను కొలువగల మీటరును ఉండిన చాలును. నిరోధకమును స్పీకరును వరుసగ కలిపి జనరేటరునుండి 1 వోల్టు ఇండు. 1000 ఓములముందు స్పీకరుయొక్క ఇంపీడెన్సు స్వల్పము గనుక, అది ఎంత మాఱినను విద్యుత్తు సుమారు 1 మిల్లీ ఆంపియరే యుండును. అప్పుడు స్పీకరు కొనల నడుమ కనబడు మిల్లీవోల్టుల సంఖ్యయే దాదాపుగ దాని ఓముల సంఖ్య యగును. 40 కంపనములతో మొదలిడి పదేసి చొప్పున 200 వఱకును, పిమ్మట నూఱేసి చొప్పున 1000 వఱకును కొలిచి గ్రాఫు కాగితముపై గుర్తింపుడు. చౌకయైన మీటర్లు అంతకు పైబడిన కంపనములను సరిగ కొలువలేవు గనుక తారస్థాయికి మేలైన మీటరు కావలయును.

శిఖరమును, లోయయు మీ చేతిక్రిందనే కాగితముపై లేచును. పిమ్మట అదే స్పీకరును వెనుక తెఱచియున్న పెట్టెలో నొకమారును, వెనుకభాగమున గట్టి పలకను బిగించి మూసి మఱియొకమారును కొలువుడు. శిఖరము కుడివైపునకు జరుగుట కన్నులార చూడగలరు. పిమ్మట పెట్టెపైనున్న ఓముల సంఖ్య ప్రక్కనే ఆ గ్రాఫును అతికించి యుంచినచో, మీ తరువాత ఆ పెట్టెను తగిలించు విద్యార్థులకు ఒక్క అంకె చెప్పలేని సంగతులన్నియు అది చెప్పగలదు.